సత్యవతి గారి రూపాయి బిళ్ళ

కోనసీమ నుంచి వచ్చి పదిహేను రోజులైంది. వీధిలో ఎవరడిగినా, పచ్చగా ఉంది, తడిగా ఉంది అని చెప్పి తప్పించుకుంటున్నాను. ఆ రెండూ నిజమే. మిగతాది నిలబడి చెప్పేది కాదు, అందుకని కూర్చుని రాస్తున్నాను.

నేను ముప్పై ఏళ్ళు కదిరి చుట్టుపక్కల పల్లె బస్సుల్లో కండక్టరుగా పనిచేశాను. సంత రోజంటే నాకు హడల్. కోళ్ళు, మేకపిల్లలు, వేరుశనక్కాయల మూటలు, వాటికి లగేజీ టికెట్టు తీసుకోమంటే తగాదాలు. ఎన్ని సంతల దగ్గర బస్సు ఆపానో లెక్కలేదు గానీ, ఒక్క సంతలోనూ దిగి నడవలేదు. ఆ గోలలో నాకు మర్యాదగా కనిపించిన మనిషి ఒక్కతే. తెల్లవారు ట్రిప్పుకి మల్లెపూల గంపతో వచ్చేది. స్టాండుకి అందరికన్నా ముందే వచ్చి, బస్సు మాత్రం ముగ్గురు నలుగురు ఎక్కాక ఎక్కేది. తోసుకోవడం లేదు, చిల్లరకి పేచీ లేదు. ఆమెను చూపించి మిగతావాళ్ళను తిట్టేవాణ్ణి.

రిటైరయ్యాక, నా భార్య నాగరత్న పోయాక, ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక సంతలు చూడడం మొదలుపెట్టాను. రెండేళ్ళుగా అదే పని. ఈ ఆషాఢంలో కోనసీమ వంతు వచ్చింది.

కొత్తపేట: ముసురు, పొట్టిక్కలు

మా ఊళ్ళో వాన కోసం దేవుళ్ళకు మొక్కుతాం. ఇక్కడ వానను విసుక్కుంటారు. నేను దిగిన రోజు మొదలు ముసురు పట్టే ఉంది. గోదావరిలో ఎర్రనీళ్ళు దిగాయి. కొబ్బరితోటల కింద మధ్యాహ్నం కూడా చీకటిగా ఉంటుంది. ఫొటోల్లో చూసిన పచ్చదనం ఇదేనా అనిపించింది. ఎటు చూసినా ఆకుల మీంచి నీళ్ళు కారుతుంటే, నాకెందుకో నాగరత్న చివరి నెలల్లో కూర్చున్న ఆసుపత్రి వరండా గుర్తొచ్చింది.

పొద్దున్నే హోటల్లో పొట్టిక్కలు తిన్నాను. పనసాకులు బుట్టలుగా కుట్టి, అందులో ఇడ్లీపిండి పోసి ఉడికిస్తారు. రెండింటికి నలభై రూపాయలు. ఆకు విప్పితే వచ్చే వాసన బాగుంది. చట్నీలో కారం లేదు. మా సీమవాడికి అది చట్నీ కాదు, కొబ్బరి పాయసం. ఆ మాటే అంటే హోటలాయన నొచ్చుకోలేదు సరికదా, పచ్చిమిరపకాయలు రెండు తెచ్చి ఆకులో పెట్టి, "కొరుక్కోండి బాబయ్యగారు" అన్నాడు. ఇక్కడ తిట్టినా అండీ ఉంటుంది, పొగిడినా అండీ ఉంటుంది. ఏది ఏదో తెలుసుకోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

సంత రోడ్డు పక్కనే. నీలం బరకాలు కట్టుకుని, వాటి మీద నీళ్ళు నిలిస్తే కర్రతో పొడిచి దింపుకుంటూ అమ్ముతున్నారు. కంద, పెండలం, అరటిగెలలు, ఎండు చేపలు. అప్పటికింకా సరిగా తెల్లవారలేదు. నల్లవంకాయలు పోసుకున్న ఒక పెద్దాయన నన్ను చూసి లేచి నిలబడ్డాడు. పేరు గంగరాజు. బోణీ చెయ్యమన్నాడు.

బోణీ సంగతి నాకు కొత్త కాదు. మా బస్సులో మొదటి టికెట్టు ఎవరి చేతి మీద తెగిందో మా డ్రైవరు అద్దంలో చూసుకునేవాడు. ఆ రోజు టైరు పగిలితే ఆ మనిషిని తలచుకుని తిట్టేవాడు. అందుకని పేచీ పెట్టకుండా అరకిలో వంకాయలు తీసుకుని ఇరవై ఇచ్చాను. ఆయన నోటును కళ్ళకద్దుకుని, డబ్బాలో విడిగా పెట్టుకున్నాడు. తర్వాత, "అమ్మగారు రాలేదాండీ?" అని అడిగాడు.

ఇంట్లో ఉంది అన్నాను. ప్రయాణాల్లో నేను ఎప్పుడూ చెప్పే అబద్ధమే అది. పోయింది అంటే ఎదుటివాళ్ళు తల పక్కకు వంచి చూస్తారు. ఆ చూపు నేను పడలేను.

హోటలు గదిలో ఆ వంకాయలు ఏం చేసుకోవాలో తెలియక పక్క బరకం కింద ఉన్న మార్తమ్మ గారికి ఇచ్చేశాను. ఆమెది ఎండు చేపల బేరం. బదులుగా గుప్పెడు ఎండు రొయ్యలు పొట్లం కట్టి, నన్ను రూపాయి ఇచ్చి బోణీ చెయ్యమంది. చేశాను. రెండు గంటల్లో గంగరాజు గారి వంకాయలు అయిపోయాయి, మార్తమ్మ గారి తట్ట సగానికి దిగింది. మీది మంచి చెయ్యండీ అన్నారు. ఈ వర్తకులే వారంలో మూడు ఊళ్ళ సంతలు తిరుగుతారట, మిగతా వాటికీ రమ్మన్నారు. పింఛను తీసుకునేవాడికి ఇంత గౌరవం ఎక్కడ దొరుకుతుంది? నాకు ఛాతీ కొంచెం పొంగింది. అది దాచడం ఎందుకు.

తొమ్మిది దాటాక, సంత సగం ఖాళీ అవుతుండగా, ఒకామె తువ్వాళ్ళ మూట నెత్తిన పెట్టుకుని వచ్చింది. నలభై ఐదేళ్ళుంటాయి. గంగరాజు గారికీ మార్తమ్మ గారికీ మధ్య రెండు బారల చోటు ఖాళీగా ఉంది. అటు చూసి, ఆగకుండా వెళ్ళి, కోళ్ళ గంపల అవతల కాలువ గట్టు మీద కూర్చుంది. అక్కడికి కొనేవాళ్ళు పోరు. నేను జాలితో కాదు, తల తుడుచుకోవడానికి పోయాను. నూట ఎనభైకి మంచి తువ్వాలు ఇచ్చింది. ఏ ఊరివి, ఎవరు నేశారు అని అడిగితే, "బండారులంకండీ. మా ఆయన నేసినవే. ఇవయిపోతే ఇంక లేవండీ" అంది. ఆమె పేరు సత్యవతి.

బండారులంక: దుప్పటి కప్పిన మగ్గం

మర్నాడు నాకు మగ్గాలు చూడాలని ఉందంటే సత్యవతి గారు ఇంటికి రమ్మన్నారు. వీధిలో అక్కడక్కడ మగ్గం చప్పుడు వినబడుతోంది. వాళ్ళింట్లో మాత్రం లేదు. గుంట మగ్గానికి పాత దుప్పటి కప్పి ఉంది. భర్త నాలుగు నెలల క్రితం పోయాడు, గుండె ఆగి. అత్తగారు లోపల గదిలో మంచం మీద ఉంది. టీ ఇచ్చి, నేను అడక్కుండానే, చోటు వదిలి గట్టు మీద ఎందుకు కూర్చుంటుందో చెప్పింది.

పన్నెండేళ్ళుగా ఆ మూడు సంతల్లో బోణీలన్నీ ఆమె చేతి మీదే జరిగాయట. ఎవరో ఒకరోజు ఈమె చెయ్యి మంచిదన్నారు, అది అలవాటైపోయింది. తెల్లవారకముందే మూట దింపి, కొంగున ముడేసిన రూపాయి బిళ్ళలు విప్పి ఒక్కో బరకం దగ్గరికీ వెళ్ళేది. ఒకరి దగ్గర నిమ్మకాయ, ఒకరి దగ్గర పచ్చిమిరపకాయ, ఒకరి దగ్గర చిటికెడు చింతపండు. రూపాయి ఇచ్చేది. వాళ్ళు కళ్ళకద్దుకునేవారు. దానికి ప్రతిఫలంగా ఆ రెండు బారల చోటులో ఎవరూ కాలు పెట్టేవారు కారు. సంత ముగిసేసరికి ఆమె సంచి కూరగాయలతో నిండేది.

భర్త పోయిన నెలకి మళ్ళీ సంతకు వచ్చింది. ఎప్పట్లాగే బిళ్ళ పట్టుకుని గంగరాజు గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన వంగి ఏదో మూట కట్టుకుంటూ, తలెత్తకుండా, "అయిపోయిందమ్మా బోణీ" అన్నాడు. అప్పటికి సంతలోకి మనిషే రాలేదు. పక్క బరకం దగ్గరా అదే మాట. ఆ పక్కనా అదే. ఎవరూ రావద్దనలేదు. కూర్చోవద్దనలేదు. టీ కూడా ఇచ్చారు.

ఆ తర్వాత ఆమె ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. పొద్దున్నే తన ముఖం చూసి వాళ్ళు ఇబ్బంది పడకూడదని. అయితే సంతలో ఒక కట్టుబాటు ఉంది. సూర్యుడు రాకముందు మూట దింపకపోతే ఆ చోటు మీద ఆ పూటకి హక్కు ఉండదు. గంగరాజు గారు ఆ ఖాళీలో బుట్టలు పెట్టడం ఇంకా మొదలుపెట్టలేదు. పెడతాడని ఆమెకు తెలుసు.

"మార్తమ్మ కూడానా?" అన్నాను. ఆమె చర్చికి పోయే మనిషి కదా.

"వాళ్ళకివేమీ లేవండీ. కానీ అందరి మధ్యా కూర్చోవాలి కదండీ" అంది సత్యవతి గారు. కోపం లేదు ఆ గొంతులో. నాకు వచ్చింది ఆ కోపం.

అల్మారాలోంచి కొత్త పాస్‌పోర్టు తీసి చూపించింది. మస్కట్‌లో ఇంటిపనికి ఏజెంటు ఒకాయన అడుగుతున్నాడు. ఈ నెల సంతలు చూసి చెప్తానంది. మిగిలిన తువ్వాళ్ళు ఆ చోటులో కూర్చుని అమ్ముకోగలిగితే, పక్కింటి మగ్గం సరుకు కూడా తెచ్చి అమ్మొచ్చు, అత్తగారిని వదిలి పోనక్కర్లేదు. లేకపోతే పోవాలి. పోవాలని లేదండీ, అన్నం సయించదంట అక్కడ, అని పాస్‌పోర్టు మళ్ళీ చీరల కింద పెట్టేసింది.

నేను కండక్టరు కబుర్లు చెప్పి కాస్త నవ్వించబోయాను. మొదటి టికెట్టు గురించి మా డ్రైవరు పట్టింపులు చెప్పాను. ఆమె నవ్వలేదు, శ్రద్ధగా విన్నది.

దిండి: కట్టేసిన పడవలు

మధ్యలో ఒకరోజు ఖాళీ దొరికితే దిండి పోయాను. వరద భయానికి హౌస్‌బోట్లు ఒడ్డున కట్టేసి ఉన్నాయి. తాళ్ళు లాగుతూ కిర్రుమంటున్నాయి. ఒక పడవలో కుర్చీలు బోర్లించి, వాటి మీద ఎవరివో బట్టలు ఆరేశారు. అవి ఆరే సూచన లేదు. కొబ్బరిబోండం పాతిక. మా ఊళ్ళో యాభై. తాగి, ఆ ఎర్రనీళ్ళు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. పులస చేప ధర అడిగి దండం పెట్టాను.

అక్కడే నాకు ఆ తెలివి పుట్టింది. ఆమె రూపాయిలు నా చేత్తో ఇస్తే? బేరాలు బాగా జరిగాక అసలు సంగతి చెప్తే, వాళ్ళ నోరు మూతపడదా? పైగా నేను మాత్రం ఎవరిని? నాగరత్న పోయి రెండేళ్ళయింది. నా చెయ్యి మంచిదైనప్పుడు ఆమె చేతికేం వచ్చింది? లెక్క సరిగ్గా ఉంది. కండక్టరు లెక్కలు ఎప్పుడూ సరిగ్గానే ఉంటాయి.

సత్యవతి గారికి ఫోన్ చేసి, తర్వాతి సంతకి తెల్లవారకముందే రమ్మని, నా ఆలోచన చెప్పాను. మొత్తం విన్నది. తర్వాత, "ముందే చెప్పి ఇస్తారాండీ, చెప్పకుండానా?" అంది. ఇచ్చాక చెప్తానన్నాను. "ఆయ్" అంది. నేను దాన్ని ఒప్పుకోవడం అనుకున్నాను. విన్నాను అనడానికి కూడా ఇక్కడ ఆ మాటే అంటారు.

రాజోలు దగ్గర ఒక సంత

ఊరి పేరు రాయను. నాకు అక్కడ చాలామంది టీ ఇప్పించారు.

ఆ తెల్లవారు వాన ఆగింది. బురదలో టార్చిలైట్లు కదులుతున్నాయి. సత్యవతి గారు వచ్చి తన పాత చోటులో మూట దింపింది. గంగరాజు గారు కొద్దిగా పక్కకు జరిగి, "రండమ్మా, కూర్చోండి" అన్నాడు. ఆమె ఐదు బిళ్ళలు నా అరచేతిలో పోసి, మూట వైపు తిరిగిపోయింది. ఆ బిళ్ళలు కొంగు వెచ్చదనంతో ఉన్నాయి.

ఐదు బరకాల దగ్గర ఐదు బోణీలు చేశాను. గంగరాజు గారు బిళ్ళను కళ్ళకద్దుకుని, తక్కెడకు తాకించి, డబ్బా మూతకు అంటించిన అమ్మవారి పటం కింద పెట్టాడు. మార్తమ్మ గారు నడుముకున్న గుడ్డసంచిలో వేసుకుంది. తర్వాత రెండు గంటలు అంత బాగా జరిగిన బేరం నేను ఎక్కడా చూడలేదు. నాలుగు రోజుల ముసురులో ఇళ్ళల్లో ఉండిపోయిన జనం ఒక్కసారిగా వచ్చి పడ్డారు. సత్యవతి గారు పదకొండు తువ్వాళ్ళు అమ్మింది. ఒకామె రెండు తీసుకుని, ఇన్నాళ్ళూ కనబడట్లేదేంటమ్మా అని అడిగింది కూడా. సత్యవతి గారు నవ్వడం అప్పుడే చూశాను. ఆ నవ్వుతో ఆగి ఉంటే బాగుండేది.

ఎనిమిదిన్నరకి అందరికీ నా ఖర్చుతో టీ తెప్పించాను. గ్లాసు పట్టుకుని, బస్సులో అరిచే గొంతుతో చెప్పేశాను. నా భార్య ఇంట్లో లేదు, పోయి రెండేళ్ళయింది. ఇవాళ మీకిచ్చిన రూపాయిలూ నావి కావు, సత్యవతి గారివి. మీ బేరాలు చెడ్డాయో బాగుపడ్డాయో మీరే చూసుకోండి.

ఎవరూ గట్టిగా ఏమీ అనలేదు. అంటారని, పోట్లాడతారని, దానికి జవాబులు సిద్ధం చేసుకుని ఉన్నాను. గంగరాజు గారు గ్లాసు కింద పెట్టి నా చెయ్యి పట్టుకున్నాడు. "అయ్యో, అమ్మగారు పోయేరాండీ. ఒక్కరే ఎలా ఉంటున్నారండీ" అన్నాడు. ఆయన కళ్ళలో నిజంగా నీళ్ళు తిరిగాయి. నా చేతి గురించి అడిగితే, మగవారికి అదేం ఉండదు లెండి అన్నాడు. ఆకాశం మబ్బుగా ఉంది అన్నంత మామూలుగా అన్నాడు.

తర్వాత డబ్బా మూత తెరిచి, పటం కింది బిళ్ళ తీసి, రెండు చేతులతో సత్యవతి గారి ముందు పట్టుకున్నాడు. "ఇది మీ దగ్గరే ఉంచండమ్మా. తప్పుగా అనుకోకండి. పిల్లలు గలవాణ్ణి."

ఆమె తీసుకుంది. చింతపండు ఆమె లేచి వచ్చింది. నిమ్మకాయలాయన వచ్చాడు. తమలపాకులామె, చంటిబిడ్డను ఎత్తుకునే, వచ్చి ఇచ్చింది. అందరూ రెండు చేతులతోనే ఇచ్చారు, అందరూ అమ్మా అనే పిలిచారు. మా ఊళ్ళో అయితే ముఖం మీద ఒక మాట అనేవాళ్ళు, ఆమె పది మాటలు అనేది, పదిమంది చేరేవాళ్ళు. ఇక్కడ తిరిగి ఒక మాట అనడానికి కూడా ఆమెకు చోటు లేకుండా ఇచ్చారు.

మార్తమ్మ గారు మాత్రం కదల్లేదు. సంచి మీద చెయ్యి పెట్టుకుని, నా చిల్లరలో ఏది ఏ రూపాయో తెలీట్లేదమ్మా, కలిసిపోయింది అంది. ఆ సంచిలో అప్పుడు ఆ ఒక్క బిళ్ళే ఉంది. చిల్లర డబ్బా వేరే ఉంది. నేను చూశాను.

సత్యవతి గారు నాలుగు బిళ్ళలు కొంగున ముడేసుకుని, మిగిలిన తువ్వాళ్ళు మడిచి మూట కట్టింది. నేను మూట అందుకుని రోడ్డుదాకా మోశాను. క్షమించమని అడిగాను. ఆమె బురదలో చూసి అడుగులేస్తూ, చాలా మెల్లగా మాట్లాడింది.

"ఇన్నాళ్ళూ అయిపోయిందమ్మా అనేవోరండీ. నేనూ నిజంగా అయిపోయిందేమో అన్నట్టే ఉండేదాన్ని. ఏడాది తిరిగితే మర్చిపోదురేమో. ఇవాళ అందరి ముందూ నా చేతిలో పెట్టించేరు మీరు."

ఆటో వచ్చింది. మూట లోపల పెట్టాను. ఎక్కి కూర్చుని, ఏదో గుర్తొచ్చినట్టు తల బయటికి పెట్టి అడిగింది.

"మీ బస్సులో మొదటి టిక్కెట్టు ఎవరికిచ్చేవోరండీ?"

ఎత్తిపొడుపు కాదది. తెలుసుకుందామనే అడిగింది. నేను వంగి, సరిగ్గానే ఉన్న మూటను ఇంకొంచెం లోపలికి జరిపాను. కాసేపు చూసి, "ఆయ్" అంది. ఆటో వెళ్ళిపోయింది.

కదిరి

తర్వాత చూడవలసిన సంత ఒకటి మిగిలింది, పోలేదు. ఎండు రొయ్యల పొట్లం బ్యాగులో బట్టలన్నిటికీ వాసన పట్టించింది. మూడుసార్లు ఉతికినా పోలేదు. తువ్వాలు మాత్రం బాగా నీళ్ళు పీలుస్తుంది.

మొన్న మార్తమ్మ గారు ఫోన్ చేసింది. సత్యవతి గారు ఏజెంటుకి సరేనన్నారట. ప్రయాణం వచ్చే నెల. అత్తగారిని ఆడపడుచు తీసుకుపోతోంది. ఆ రెండు బారల చోటులో గంగరాజు గారు వంకాయ బుట్టలు పెట్టుకున్నాడు. బిళ్ళ ఇంకా తన సంచిలోనే ఉందని, ఖర్చుపెట్టలేదని మార్తమ్మ గారు చెప్పింది. ఏం చెయ్యాలో తెలియట్లేదండీ అంది. నాకూ తెలియలేదు.

రాత్రిళ్ళు సత్యవతి గారు ఆటోలోంచి అడిగిన ప్రశ్న వస్తుంది. జవాబు నాకు మొదట్నుంచీ తెలుసు. బస్సులోకి ఎవరు ముందు ఎక్కితే వాళ్ళకి కాదు. మా డ్రైవరు అద్దంలో చూస్తుంటే, ముందు సీటులో బొట్టులేని మనిషి కూర్చుని ఉంటే, ఉండమ్మా వస్తా అని దాటి వెనక్కి పోయేవాణ్ణి. వెనక ఎవరికో టికెట్టు కొట్టి, అప్పుడు తిరిగి వచ్చేవాణ్ణి. ముప్పై ఏళ్ళు. ఒక్కరోజు కూడా అది తప్పనిపించలేదు. అసలు అది ఒక పని అనే అనిపించలేదు.

మల్లెపూల గంప ఆమెను కూడా మొదట్లో రెండు మూడుసార్లు అలాగే దాటి పోయి ఉంటాను. ఆ తర్వాత ఆమే నాకు శ్రమ లేకుండా చేసింది. చీకట్లో అందరికన్నా ముందు వచ్చి, నెత్తిన గంప దింపకుండా, ముగ్గురు నలుగురు ఎక్కేదాకా తలుపు పక్కన నిలబడేది. వాన పడుతున్నా నిలబడేది. మర్యాద తెలిసిన మనిషి అని నేను అందరికీ చెప్పేవాణ్ణి. ఆమె పేరు నేను ఎప్పుడూ అడగలేదు.